ఫైబర్ హాట్‌రాడ్ బాడీకి తలుపు బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో బరంపురం నుంచి గోపాలపూర్ వెళ్లే దారిలో మాది ఒక రేకుల షెడ్డు. అసలు పని పడవలు. గోపాలపూర్, ఆర్యపల్లి వైపు నుంచి మన తెలుగు మత్స్యకారులు అడుగు పగిలిన ఫైబర్ (జిగురు ద్రవంలో గాజు పోగులు పొదిగి గట్టిపరిచినది) పడవలు తెస్తే అతుకులు వేసి పంపుతాం. ఆరేళ్ల క్రితం ఒక ఆసామి పాత అమెరికా కారు ఆకారంలో ఉన్న ఫైబర్ బాడీని, విడిగా రెండు తలుపులను లారీ మీద తెచ్చి దింపి, "పడవలు చేస్తారు కదా, దీనికి తలుపులు పెట్టండి" అన్నాడు. పడవకు తలుపు ఉండదన్న సంగతి ఆయనకూ తట్టలేదు, డబ్బు చేతిలో పడిన ఆ క్షణంలో మాకూ తట్టలేదు. ఇప్పటికి మూడు బాడీలు అయ్యాయి. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి ఫోన్లు చేసి అడిగినవే అడుగుతున్నారు. అందుకే రాసిపెడుతున్నాను.

హాట్‌రాడ్ అంటే ఏమిటి? దానికి ఫైబర్ బాడీ ఎందుకు?

పాత కారును తేలిక చేసి, ఇంజనుకు బలం పెంచి, వేగం కోసం మలుచుకున్న బండి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు మొదలుపెట్టిన సరదా ఇది. 1930లలో అక్కడి ఎండిన సరస్సుల నేల మీద పందేలు పెట్టుకునేవారు. ఆ పందేలను ఒక పద్ధతిలోకి తేవడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. వాళ్లకు ప్రాణప్రదమైన బండి 1932 ఫోర్డ్. మామూలు జనం కొనగలిగే కారులో ఫోర్డ్ కంపెనీ వీ8 ఇంజను పెట్టింది ఆ ఏడాదే: 221 ఘనపు అంగుళాలు, 65 గుర్రాల బలం. అసలు ఇనుప బాడీలు తుప్పుపట్టి, అరుదైపోయి, ధర ఆకాశానికి ఎక్కాక అదే ఆకారాన్ని ఫైబర్‌లో తీయడం పెరిగింది. ఫ్యాక్టరీలు కూడా ఫైబర్ వైపు చూశాయి. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ బాడీ ఫైబరే, మొదటి ఏడాది 300 బండ్లు చేశారు.

మా దగ్గరికి వచ్చిన మూడూ 1932 రోడ్‌స్టర్ ఆకారమే. అంటే పైకప్పు లేనివి. తలుపు కష్టాలన్నిటికీ మూలం అదే. పైకప్పు ఉంటే బండి ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ పైనుంచి పట్టి ఉంచుతుంది. అది లేనప్పుడు ఆ రెండింటినీ కలిపేది తలుపు కిందనున్న జానెడు గడప ఒక్కటే.

దీన్ని రోడ్డు మీద నడపవచ్చా?

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ బండికీ తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. పాత జీపు ఛాసిస్ (ఇంజనునూ బాడీనీ మోసే ఇనుప చట్రం) మీద ఈ బాడీ ఎక్కించి, జీపు కాగితాలతో జాతీయ రహదారి ఎక్కుదామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. మా దగ్గర చేయించుకున్నవాళ్లలో ఇద్దరు సొంత జీడిమామిడి తోటల్లో తిప్పుకుంటున్నారు. మూడో బండి ఒక హాలు ముందు అలంకారంగా నిలబడి, పెళ్లి ఫొటోలకు పనికొస్తోంది.

తలుపు ఏ దశలో బిగించాలి?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మేమూ చేశాం. అందుకే వివరంగా చెబుతాను.

మొదటి బాడీ వచ్చినప్పుడు, ఛాసిస్‌ను ఎత్తు స్టాండ్ల మీద పెట్టాం. స్టాండ్లు ఛాసిస్ నడుముకు దగ్గరగా ఉన్నాయి, ఎందుకంటే షెడ్డులో అక్కడే నేల గట్టిగా ఉంది. బాడీ కూర్చోబెట్టాం. మూడు రోజులు తలుపుతో కుస్తీ పట్టాం. నాలుగో రోజు సాయంత్రం రెండు తలుపులూ ఎలా కూర్చున్నాయంటే, చుట్టూ సరిగ్గా 5 మిల్లీమీటర్ల సందు, వేలితో తోస్తే టక్ మని పడేవి. మా ఒడియా మేస్త్రీ "కబాట బాగా వచ్చింది" అని మెచ్చుకున్నాడు. (వాళ్ల కబాట, మన కవాటం ఒకటే మాట. మనం దాన్ని గుడి పద్యాలకు వదిలేసి తలుపు అంటున్నాం, వాళ్లు ఇంటికి వాడుకుంటున్నారు.) వారం తర్వాత చక్రాలు తొడిగి, ఇంజను, గేరుబాక్సు దించి, స్టాండ్లు తీసి, బండిని నేల మీద నిలబెట్టాం. ఎడమ తలుపు పడలేదు. పై మూల, తలుపుకు వెనుకనున్న బాడీ నిలువు స్తంభానికి ఆనుకుంది. కొలిచి చూస్తే పైన సందే లేదు, కింద 7 మిల్లీమీటర్లు. మూడు రోజులు అరగదీసి సాధించిన ఆ అందమైన సందు, స్టాండ్లు పెట్టిన చోటును బట్టి వచ్చిందే తప్ప మా పనితనం వల్ల కాదు.

జరిగినది ఇది. నడుము దగ్గర స్టాండ్లు ఉన్నంతకాలం ఛాసిస్ మధ్యలో కాస్త పైకి ఉబ్బి ఉంది. బరువు ఎక్కి, చక్రాల మీదికి రాగానే మధ్య భాగం దిగింది. దానితో పాటు ఫైబర్ బాడీ కూడా వంగింది. ఇనుప బాడీకి కొంత పంతం ఉంటుంది. ఫైబర్ బాడీకి లేదు, కింద ఉన్నది ఎలా వంగితే అలాగే వంగుతుంది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. ముందు ఛాసిస్‌ను చక్రాల మీద గానీ, చక్రాలు లేకపోతే ఇరుసుల కింద స్టాండ్లు పెట్టి గానీ నిలబెట్టండి. ఇంజను, గేరుబాక్సు ఎక్కించండి. అవి ఇంకా రాకపోతే అంత బరువు ఇసుక బస్తాలు అదే చోట పెట్టండి. సీటు, పెట్రోలు ట్యాంకు వచ్చే చోట కూడా. నీళ్ల పైపు మట్టంతో ఛాసిస్ నాలుగు మూలలూ చూడండి. మన తాపీ మేస్త్రీలు పునాదికి వాడే ఆ సన్న గొట్టమే, దాన్ని మించినది లేదు. బాడీ బోల్టులన్నీ, వాటి కింద రబ్బరు దిండ్లతో సహా, బిగించండి. ఆ తర్వాతే తలుపు ముట్టుకోండి. ఇల్లు కట్టేవాళ్లు ద్వారబంధం నిలబెట్టాక కదా తలుపు గురించి వడ్రంగిని అడుగుతారు.

బాడీలోపల ఇనుప ఫ్రేము తప్పనిసరా?

రోడ్‌స్టర్ అయితే తప్పనిసరి. 1 అంగుళం చదరపు గొట్టంతో గడప పొడవునా ఒకటి, ముందు స్తంభం లోపల ఒకటి, వెనుక స్తంభం లోపల ఒకటి, డాష్‌బోర్డు కింద అడ్డంగా ఒకటి. ఇవన్నీ ఒకదానికొకటి వెల్డింగ్ చేసి ఉండాలి. విడివిడి ముక్కలను ఫైబర్‌తో అంటించి వదిలేస్తే, బలం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ పని చేయదు.

ఈ ఫ్రేమును బాడీకి అంటించే ముందు తలుపులను సందుల్లో చెక్క ముక్కలు పెట్టి, టేపుతో వాటి స్థానంలో నిలబెట్టండి. ఫ్రేము అంటుకున్నాక బాడీ ఆ ఆకారానికే కట్టుబడి ఉంటుంది. తలుపు లేకుండా ఫ్రేము అంటించి, తర్వాత తలుపుకు చోటు వెతుక్కునేవాళ్లను చూశాను. బాధేస్తుంది.

బందులను (తలుపు తిరిగే మడతబందులను) నేరుగా ఫైబర్‌కే బోల్టు వేయవచ్చా?

వేయకండి. ఫైబర్ పలక బోల్టు కింద కొద్దికొద్దిగా నలుగుతుంది. నెల తర్వాత బోల్టు వదులవుతుంది, మళ్లీ బిగిస్తారు, మళ్లీ నలుగుతుంది. చివరికి రంధ్రం చుట్టూ సాలెగూడులా పగుళ్లు వస్తాయి. తలుపు బరువంతా, దాని మీద మోచేయి ఆనించి కబుర్లు చెప్పే మనిషి బరువుతో సహా, ఆ రెండు బందుల మీదే పడుతుంది.

స్తంభం వైపు బందు ఇనుప ఫ్రేముకే పట్టాలి. తలుపు వైపు లోపల 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం ఇనుప పలకను ఫైబర్‌లో పొదగాలి. ఆ పలకకు అక్కడక్కడా 10 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టండి. రెసిన్ (గట్టిపడే జిగురు ద్రవం), మ్యాట్ (గాజు పోగుల చాప) ఆ రంధ్రాల్లోంచి అటూ ఇటూ పట్టుకుంటాయి. పలకను గ్రైండరుతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, చేతి జిడ్డు తగలకుండా పెట్టాలి. మాకు సముద్రపు గాలి ఉంది కాబట్టి ఇంకో మాట: పలక అంచు ఎక్కడా బయటికి కనబడకూడదు. ఉప్పు గాలికి అంచు తుప్పుపడితే, తుప్పు ఉబ్బి ఫైబర్ పొరలను లోపలినుంచే చీలుస్తుంది. పడవల్లో ఇది రోజూ చూసే రోగం.

బోల్టు రంధ్రాలు నిలువుగా సాగదీసి ఉంచుకోండి, 3, 4 మిల్లీమీటర్లు చాలు. తర్వాత సర్దుబాటుకు చోటు ఉంటుంది. రంధ్రం తొలిచేటప్పుడు వెనుక చెక్క ఆనించి, పైన టేపు అంటించి, నెమ్మదిగా తొలవండి. లేకపోతే జెల్‌కోట్ (ఫైబర్ మీది నునుపు పైపొర) పెచ్చులుగా లేస్తుంది.

రెండు బందులూ బాగానే ఉన్నాయి, అయినా తలుపు బిగుసుకుపోతోంది. ఎందుకు?

రెండు బందుల పిన్నులూ ఒకే గీతలో లేవు. ఈ తలుపు పైనుంచి కిందికి కాస్త వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపును అనుసరించి బందులు పెడితే పై పిన్ను ఒకచోట, కింది పిన్ను ఇంకోచోట ఉంటాయి. తలుపు తెరుచుకుంటుంది, కానీ తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి వంగుతుంది. బందు వంగదు, కాబట్టి ఫైబర్ వంగుతుంది.

మా పద్ధతి: బందుల పిన్నులు తీసేసి, రెండింటి రంధ్రాల్లోంచి ఒకే నిటారు ఇనుప ఊచ దూర్చుతాం. ఊచ స్వేచ్ఛగా తిరుగుతుండగా బందులను ఫ్రేముకు నాలుగు చోట్ల చుక్కలుగా వెల్డింగ్ చేస్తాం. మళ్లీ తిప్పి చూస్తాం. తిరిగితేనే పూర్తి వెల్డింగ్. వేడికి లోహం లాగుతుంది కాబట్టి ఒక వైపంతా ఒకేసారి కాల్చకూడదు, అటో ముక్క ఇటో ముక్క కాల్చాలి. ఫైబర్‌కు దగ్గరలో వెల్డింగ్ తప్పకపోతే తడి గోనెసంచి అడ్డం పెట్టండి, బకెట్టు నీళ్లు పక్కనే ఉంచుకోండి. రెసిన్ మండుతుంది.

ఊచ నిలువుగా ఉందో లేదో కూడా గుండు వేలాడదీసి చూడండి. వాలితే, తెరిచిన తలుపు ఒక చోట ఆగదు. పాత ఇళ్లలో గేటు దానంతట అదే మూసుకుంటుందే, కారణం ఇదే. అక్కడ ముచ్చటగానే ఉంటుంది. కారులో కాలు పెట్టబోతున్నప్పుడు మోకాలికి తగిలితే ముచ్చట ఉండదు.

బందులు ముందు పెట్టాలా, వెనుకా?

రెండూ ఉన్నాయి. 1932 ఫోర్డ్ మూడు కిటికీల కూపేలో (పైకప్పు ఉన్న రెండు తలుపుల బండి) బందులు వెనుక ఉండేవి, అయిదు కిటికీల కూపేలో ముందు. వెనుక బందుల తలుపు దారిలో పొరపాటున వదులైతే గాలి దాన్ని లాగి పూర్తిగా తెరిచేస్తుంది. ఇంగ్లిషులో దానికి ఆత్మహత్య తలుపు అనే పేరు ఊరికే రాలేదు. చూడటానికి బాగుంటుందని అడుగుతారు. తోటలో తిప్పేదానికైనా సరే, నేను ముందు బందులే పెడతాను.

సందు ఎంత ఉండాలి?

రంగు వేయకముందు 5 మిల్లీమీటర్లు. ప్రైమరు, రంగు కలిసి ఒక్కో అంచున దాదాపు అర మిల్లీమీటరు తింటాయి, రెండు అంచులుంటాయి కాబట్టి చివరికి 4 మిగులుతుంది. కొత్త కార్లను చూసి 3 కావాలని అడుగుతారు. ఇవ్వవచ్చు, కానీ వైశాఖంలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టాక పెచ్చు ఊడితే నన్ను అడగకూడదు.

కొలవడానికి టేపు వద్దు. 5 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను సబ్బుబిళ్లంత కోసి, సందు పొడవునా జార్చండి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ పెన్సిలు గీత పెట్టండి. సందు సమంగా ఉండటమే ముఖ్యం. అన్నిచోట్లా 6 ఉన్నా కంటికి ఆనదు. ఒకచోట 4, ఇంకోచోట 6 ఉంటే వీధి అవతలినుంచే కనబడుతుంది.

సందు పైన ఇరుకు, కింద వెడల్పు. లేదా పైన వెడల్పు, కింద ఇరుకు. తలుపును అరగదీయాలా?

అరగదీసే ముందు ఆగండి. సందు త్రికోణంలా ఉందంటే చాలాసార్లు తలుపు తప్పు లేదు, గడప వంగింది. తలుపును అరగదీస్తే తప్పును తలుపులో శాశ్వతంగా దాచినట్టే.

ఒక అట్టముక్కను మధ్యలో కిందికి వంచి, దాని రెండు చివర్ల దగ్గర రెండు అగ్గిపుల్లలు నిలబెట్టి చూడండి. పుల్లల తలలు దగ్గరికి వస్తాయి. మధ్యలో పైకి వంచితే తలలు దూరమవుతాయి. ఆ అట్ట మీ గడప, పుల్లలు ముందు వెనుక స్తంభాలు. అంటే పైన ఇరుకైతే గడప మధ్యలో దిగింది. తలుపు నడిమి కింద ఉన్న బాడీ బోల్టు దగ్గర ప్యాకింగ్ (బోల్టు కింద పెట్టే రేకు ముక్కలు) పెంచండి. పైన వెడల్పైతే చివర్లు దిగాయి. బండి ముక్కు వైపున్న మొదటి బోల్టు దగ్గరో, వెనుక చివరి బోల్టు దగ్గరో ప్యాకింగ్ పెంచండి.

ఎంత పెంచాలి? లెక్క ఉంది. ముందు బోల్టుకూ స్తంభం కింది బోల్టుకూ మధ్య దూరం 400 మిల్లీమీటర్లు, స్తంభం ఎత్తు 600 అనుకుందాం. ముందు బోల్టు కింద 2 మిల్లీమీటర్ల రేకు పెడితే స్తంభం తల 3 మిల్లీమీటర్లు వెనక్కి వాలుతుంది. అంటే రేకు చిన్నది, ఫలితం పెద్దది. ఒక్కొక్క మిల్లీమీటరు రేకు పెట్టి, బోల్టు బిగించి, తలుపు మూసి, మళ్లీ చూడండి. ఆ మొదటి బండి ఎడమ తలుపును చివరికి సరిచేసింది నడిమి బోల్టు కింద రెండు రేకు ముక్కలు. గ్రైండరు అవసరమే రాలేదు. అంతకుముందు మూడు రోజులు దాన్ని తిప్పాం.

తేడా ఒక మూలలోనే ఉండి, మిగతాచోట్ల సందు బాగుంటే అప్పుడు అది తలుపు తప్పు. అప్పుడు అరగదీయండి.

తలుపు మెలితిరిగింది. పై మూల లోపలికి, కింది మూల బయటికి. బాగు చేయవచ్చా?

చేయవచ్చు. ఎలా తిరిగిందో కూడా చెబుతాను: అచ్చులోంచి తొందరగా తీసి, గోడకు వాల్చి, ఎండలో వదిలేసి ఉంటారు. మామూలు పాలిస్టర్ రెసిన్ 60, 70 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. మా రేకుల షెడ్డు పక్కన నల్లటి తలుపు వేసవిలో ఆ వేడికి చేరడానికి ఎక్కువ సేపు పట్టదు. పూర్తిగా గట్టిపడని తలుపైతే ఇంకా తక్కువ వేడికే వంగుతుంది.

తిప్పింది ఎండ కాబట్టి వెనక్కి తిప్పేదీ వేడే. తలుపును గుమ్మంలో పెట్టి, లాక్ వైపు గట్టిగా కట్టి, లోపలికి పోయిన మూల వెనుక చెక్క దూర్చి బయటికి తోయండి. సమానంగా వచ్చేదాకా తోస్తే చాలదు, అవతలికి ఇంకొంచెం దాటించాలి, వదిలాక కొంత వెనక్కి వస్తుంది. లోపలి వైపు బల్బు వేడి చూపండి, చెయ్యి పెట్టి ఓర్చుకోలేనంత వేడి వచ్చేదాకా. మంట మాత్రం చూపకండి. రాత్రంతా అలాగే ఉంచండి. పొద్దున కట్లు విప్పకుండానే లోపలి వైపు గరుకు చేసి, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ రెండు పొరలు ఐమూలగా వేయండి. ఒక పొర దాదాపు 1 మిల్లీమీటరు మందం వస్తుంది. అది పూర్తిగా గట్టిపడ్డాకే విప్పాలి.

మెలిక 10 మిల్లీమీటర్లు దాటితే వేడితో లొంగదు. తలుపు లోపలి పలకను అంచు పొడవునా కోసి, రెండు పలకలనూ విడదీసి, బయటి పలకను సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ అంటించాలి. చూడటానికి ఘోరంగా ఉంటుంది. భయపడకండి, ఫైబర్‌లో కోసినదాన్ని అతికించడం ఇనుములో కన్నా సులువు.

సందు ఎక్కువైంది. పుట్టీ పెట్టి అంచు పెంచవచ్చా?

పుట్టీ అంచు మీద నిలవదు. తలుపు నాలుగుసార్లు గట్టిగా వేస్తే ముక్కగా రాలుతుంది. స్తంభం అంచుకు మైనం పూసిన టేపు అంటించి, దానికి ఆనుకుని తలుపు అంచు మీద రెసిన్‌లో తడిపిన మ్యాట్ పీచు కూరండి. అంతకుముందు తలుపు అంచు జెల్‌కోట్‌ను గీకేసి, లోపలి గాజు పోగులు కనిపించేదాకా 40 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. గట్టిపడ్డాక పొడవాటి చెక్కకు కాగితం చుట్టి నునుపు చేయండి. వేళ్లతో రుద్దితే అంచు అలలు అలలుగా వస్తుంది. పుట్టీ ఆఖరి పొరగా, గోరు మందం లోపల మాత్రమే.

ఎవరైనా ముందే ఎపాక్సీతో (ఇంకో రకం రెసిన్) అతుకు వేసి ఉంటే దాని మీద పాలిస్టర్ సరిగా పట్టదు. పాలిస్టర్ మీద ఎపాక్సీ పడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక రెండుసార్లు చేసిన పనులు మా దగ్గరికి వచ్చాయి.

మా ఊరి వేడికి రెసిన్ గిన్నెలోనే గట్టిపడుతోంది. క్యాటలిస్ట్ (రెసిన్‌ను గట్టిపరిచే మందు) తగ్గించాలా?

తగ్గించాలనిపిస్తుంది, కానీ 1 శాతం కన్నా తగ్గిస్తే పైకి గట్టిగా కనిపించి లోపల పచ్చిగా ఉండిపోతుంది. అలాంటి తలుపే ఎండలో మెలితిరుగుతుంది. కిలో రెసిన్‌కు 10 గ్రాములు ఉంచి, కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే మందు) తగ్గించండి. తెల్లవారుజామున పని చేయండి. ఒకేసారి అర కిలోకు మించి కలపకండి, కలిపినదాన్ని లోతు డబ్బాలో కాకుండా వెడల్పు పళ్లెంలో పోయండి. వర్షాకాలంలో మ్యాట్ చెమ్మ పీలుస్తుంది. చుట్టను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాలి, వానపడే రోజు పని ఆపాలి.

ఒక హెచ్చరిక. కోబాల్టునూ క్యాటలిస్టునూ ఎప్పుడూ నేరుగా కలపకూడదు. పేలుతుంది. ముందు కోబాల్ట్ రెసిన్‌లో పూర్తిగా కలిసిపోవాలి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. మా షెడ్డులో ఈ రెండు సీసాలూ రెండు వేర్వేరు గోడల మీద ఉంటాయి. కొత్త కుర్రాడికి మొదటి రోజు నేర్పే పాఠం అదే. క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయనివ్వను.

దురద తగ్గే మార్గం?

పొడుగు చేతుల చొక్కా, మాస్కు, పని అయ్యాక చన్నీళ్లు. వేడి నీళ్లు పోసుకుంటే చర్మ రంధ్రాలు తెరుచుకుని పీచు ఇంకా దిగుతుందని మా పెద్ద మేస్త్రీ నమ్మకం. నిజమో కాదో గానీ నేను మాత్రం చన్నీళ్లే పోసుకుంటాను.

ఎలాంటి లాక్ వాడాలి?

అమెరికా హాట్‌రాడ్లలో ఎలుగుబంటి పంజా అని పిలిచే లాక్ వాడతారు. రెండు కొక్కేలు తిరిగి ఒక గుండ్రటి పిన్నును రెండు వైపులనుంచీ పట్టుకుంటాయి. తలుపు సగమే పడినా మొదటి మెట్టులో పట్టుకుని ఉండేలా రెండు మెట్లు ఉంటాయి. అది దొరక్కపోతే పాత సామాన్ల దుకాణంలో మారుతి 800 తలుపు లాక్‌ను, దాని స్ట్రైకరుతో (స్తంభం మీద ఉండే, లాక్ పట్టుకునే పిన్ను) సహా, ఒకే బండినుంచి తీసుకోండి. గేటు గొళ్లెం లాంటివి వద్దు.

లాక్ పని తలుపును పట్టి ఉంచడమే, ఎత్తడం కాదు. స్ట్రైకర్ లేకుండా తలుపు వేసినప్పుడు ఎక్కడ ఆగుతుందో, స్ట్రైకర్ ఉన్నప్పుడూ అక్కడే ఆగాలి. స్ట్రైకర్ పిన్నుకు కొంచెం గ్రీజు, దాని మీద పసుపు రాసి తలుపు మెల్లగా వేయండి. తెరిచి లాక్ నోట్లో పసుపు ఎక్కడ అంటిందో చూడండి. నడిమధ్య అంటితే సరి. కింది పెదవికి అంటితే స్ట్రైకర్ కిందికి ఉంది, పై పెదవికి అంటితే పైకి ఉంది. ఒకసారి పసుపు అయిపోయి కుంకుమ వాడితే, చూసిన ఆసామి బండికి పూజ చేస్తున్నామనుకుని చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

స్ట్రైకరును కూడా ఇనుప ఫ్రేముకే బిగించాలి.

అంతా బాగా కుదిరింది, రబ్బరు పెట్టగానే తలుపు బయటికి ఉబ్బింది.

రబ్బరును చివరి అలంకారం అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలు. తలుపు వెనుక గుమ్మం మెట్టుకూ తలుపుకూ మధ్య లోతు, నలిగిన రబ్బరు మందమంత ఉండాలి. 10 మిల్లీమీటర్ల బోలు రబ్బరు దాదాపు సగానికి నలుగుతుంది, కాబట్టి అక్కడ 5, 6 మిల్లీమీటర్ల లోతు కావాలి. ముందే ఆ రబ్బరు కొని, చిన్న ముక్కలు నాలుగు మూలలా అంటించి తలుపు సర్దండి. గట్టి రబ్బరు వద్దు. ఫైబర్ తలుపుకు అంత బలం లేదు, లాక్ ఉన్నచోట లోపలికి, లేనిచోట బయటికి వంగుతుంది.

రంగు తలుపు బిగించి వేయాలా, విప్పి వేయాలా?

విప్పి వేయండి, అంచులకు కూడా రంగు పడాలి. విప్పే ముందు బందుకూ పలకకూ కలిపి రెండు చోట్ల 4 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి పెట్టుకోండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ రంధ్రాల్లో డ్రిల్ బిట్లు దూర్చి బోల్టులు బిగిస్తే తలుపు పాత చోటికే వస్తుంది.

రెండు తలుపులకు ఎన్ని రోజులు పడుతుంది?

బాడీ బాగుంటే మాకు పన్నెండు పదిహేను రోజులు. అందులో సగం రోజులు ఏమీ చేయకుండా గట్టిపడేదాకా ఆగడమే. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, ఉన్న ఏడాది చైత్రంలో అడగకండి. అప్పుడు బరంపురంలో పని చేసేవాడు దొరకడు, మా షెడ్డు కూడా మూతపడుతుంది.

ఇంత కష్టం ఎందుకు? తలుపు గీత మాత్రం ఉంచి, మూసేస్తే పోదా?

పోతుంది, తప్పేమీ లేదు. అమెరికాలో చేసిన ఫోర్డ్ టీ మోడల్ టూరింగ్ కార్లలో చాలా ఏళ్లు డ్రైవరు వైపు ముందు తలుపు ఉత్త గీతే. రేకు మీద తలుపు ఆకారం వత్తి ఉండేది, తెరుచుకునేది కాదు. డ్రైవరు అవతలి వైపునుంచి ఎక్కి జరగాలి. హాట్‌రాడ్లలో కూడా రెండు తలుపులూ పూర్తిగా మూసేసి, అంచు మీదనుంచి కాలు వేసి దిగేవాళ్లు ఉన్నారు. అలా మూస్తే బాడీ ఎంతో గట్టిపడుతుంది, పైన రాసిన సగం ప్రశ్నలు రావు.

ఒక తలుపే మూయాలనుకుంటే ఏది అన్నది చూసుకోండి. వాళ్లకు డ్రైవరు ఎడమ వైపు, మనకు కుడి. రెండో బండి ఆసామి ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి ఎడమది మూయించుకున్నాడు. కుడి తలుపు తెరుచుకుంటుంది కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా వాళ్ల అమ్మగారికి. ఆవిడ ఎక్కాలంటే ముందు కొడుకు దిగాలి, ఆవిడ స్టీరింగు కిందనుంచి జరిగి అవతల కూర్చోవాలి. రెండుసార్లు అలా ఎక్కాక ఆవిడే నాకు ఫోను చేసి, ఆ రెండో తలుపు కోయడానికి ఎంత తీసుకుంటావు నాయనా అని అడిగారు. వచ్చే నెల బండి మళ్లీ షెడ్డుకు వస్తోంది.